2.0 వచ్చింది, మిషన్లు మాత్రం 2.0ఆర్‌సీ1 దగ్గరే కూర్చున్నాయి

నాలుగో_అంతస్తు, శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బెంగళూరు మహదేవపురలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. మేమే రాసుకున్న ఒక ఏజెంట్ ప్రోగ్రామ్‌ని ఆర్‌పీఎంగా (లినక్స్ మిషన్లలో ఎక్కించే ఒక ప్యాకేజీ రూపం) కట్టి లోపలి రిపోలో (మిషన్లు ప్యాకేజీలు దించుకునే చోటు) పెట్టే పని మూడు నెలల క్రితం నా నెత్తిన పడింది. ముందు చూసినాయన ఉద్యోగం మారిపోయాడు. హ్యాండోవర్ అంటే అరగంట కాల్, అంతే.

పోయిన వారం టెస్టింగ్ కోసం 2.0ఆర్‌సీ1-1 అని ప్యాకేజీ కట్టాను. అది టెస్ట్ రిపోలోకి పోవాల్సింది, నా పొరపాటు వల్ల అసలు రిపోలోకి పోయింది. రాత్రి ఆటో అప్‌డేట్ నడిచి దాదాపు అన్ని మిషన్లలోనూ ఎక్కేసింది. మొత్తం నలభై మిషన్లు. ఎలాగూ 2.0 వస్తోంది కదా, దాంతో కొట్టుకుపోతుందిలే అని ఊరుకున్నాను. నిన్న 2.0-1 పెట్టాను. డీఎన్‌ఎఫ్ (రిపోలోంచి ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) అప్‌గ్రేడ్ కొడితే చేయడానికేమీ లేదు అంటోంది. క్యాష్ తుడిచాను. రిపో మెటాడేటా (ప్యాకేజీల జాబితా) మళ్ళీ కట్టాను. ఒక మిషన్‌ని రీబూట్ కూడా చేశాను. ఊహూ. సోమవారం పొద్దున మేనేజర్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

రాత్రిషిఫ్ట్, 9:52

రీబూట్ 😀

స్పెక్_పంతులు, 10:15

డీఎన్‌ఎఫ్ తప్పేమీ లేదు బాబూ. దాని లెక్కలో 2.0ఆర్‌సీ1 పెద్దది, 2.0 చిన్నది. పెద్దది ఉండగా చిన్నదాన్ని ఎందుకు ఎక్కిస్తుంది?

ఆర్‌సీ అంటే రిలీజ్ క్యాండిడేట్ అని నీకూ నాకూ తెలుసు. ఆర్‌పీఎంకి తెలియదు. అది వెర్షన్‌ని అంకెల ముక్కలు, అక్షరాల ముక్కలుగా విరగ్గొడుతుంది. చుక్కలు, అండర్‌స్కోర్లు ముక్కల మధ్య గోడలు మాత్రమే, వాటికి విలువ లేదు. నీ కేసులో 2కి 2 సరిపోయింది, 0కి 0 సరిపోయింది. ఒక వైపు సరుకు అయిపోయింది. ఇంకో వైపు ఆర్‌సీ, 1 ఇంకా మిగిలాయి. ఎవరి దగ్గర మిగిలితే వాళ్ళే పెద్ద.

మన ఊరి అడ్రసులు చూడు. 5వ క్రాస్ దాటాక 5వ ఏ క్రాస్ వస్తుంది, ఆ తర్వాత 6వ క్రాస్. అక్షరం తగిలిందంటే ఇంకాస్త ముందుకి వెళ్ళినట్టు. నువ్వేమో 5వ క్రాస్ రాకముందే ఉన్న సందుకి 5వ ఏ అని బోర్డు పెట్టావు. డెలివరీ కుర్రాడు ఎక్కడికెళ్తాడు మరి?

ముందున్న సందు అని చెప్పాలంటే టిల్డా వాడాలి. 2.0~ఆర్‌సీ1 అని రాస్తే అది 2.0 కంటే చిన్నది. ఆర్‌పీఎం 4.10 నుంచి, అంటే 2012 నుంచి ఈ సౌకర్యం ఉంది. అంతకుముందు రోజుల్లో వెర్షన్‌ని 2.0 అనే ఉంచి, హైఫన్ తర్వాత వచ్చే రిలీజ్ నంబరుని 0.1.ఆర్‌సీ1 అని సున్నాతో మొదలుపెట్టేవాళ్ళం. అసలు 2.0 వచ్చాక రిలీజ్ 1 అయ్యేది కాబట్టి సాఫీగా సాగేది. పాత స్పెక్ ఫైళ్ళలో (ప్యాకేజీ ఎలా కట్టాలో రాసే ఫైళ్ళు) ఇప్పటికీ కనపడుతుంది, చూసి భయపడకు.

ఆర్చ్_అబ్బాయి, 10:21

మా ఆర్చ్ లినక్స్‌లో ఈ గోలే లేదు బ్రో. 2.0ఆర్‌సీ1 అంటే 2.0 కంటే చిన్నదే. టిల్డాలూ గిల్డాలూ అక్కర్లేదు. ఆర్‌పీఎం వాళ్ళు చెయ్యలేకపోయారంటే 🤷

స్పెక్_పంతులు, 10:30

అవును, ఆర్చ్ ప్యాకేజీ టూల్ పాక్‌మ్యాన్ పోలికలో చుక్క లేకుండా అంటుకున్న అక్షరాలు వెనక్కి వెళ్తాయి. కానీ అదే అలవాటుతో 1.0ఏ అని చిన్న దిద్దుబాటు వదిలే ప్రాజెక్టు వచ్చిందనుకో, అప్పుడు 1.0ఏ కూడా 1.0 కంటే చిన్నదైపోతుంది మీ దగ్గర. ఒకరికి సుఖమైంది ఇంకొకరికి కష్టం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చాలా ఏళ్ళు 1.0.2ఏ, 1.0.2బీ అంటూ అక్షరాలతోనే దిద్దుబాట్లు వదిలింది. అక్కడ ఆర్‌పీఎం పద్ధతే సరిగ్గా పనిచేసింది.

రాత్రిషిఫ్ట్, 10:34

తమ్ముడూ, ఇంత చర్చ ఎందుకు. స్పెక్ ఫైల్లో ఎపోక్ 1 అని ఒక లైన్ రాయి, మళ్ళీ కట్టు, పోయి పడుకో. ఎపోక్ అంటే వెర్షన్ ముందు వేసే ఇంకో అంకె, దాన్ని అన్నిటికంటే ముందు పోలుస్తుంది. 1:2.0 ముందు 2.0ఆర్‌సీ1 ఎంత. ఐదు నిమిషాల పని.

డెబ్_అక్క, 10:47

వద్దు! ఎపోక్ పచ్చబొట్టు లాంటిది. ఒకసారి వేసుకుంటే జన్మంతా ఉంటుంది. 3.0కి ఉండాలి, 10.0కి ఉండాలి, ఏదో ఒకరోజు ఎవరో మర్చిపోయి తీసేస్తే ఆ ప్యాకేజీ ఎక్కదు. మళ్ళీ ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడుగుతాడు.

పైగా ఫైల్ పేరులో కనపడదు. డెబ్ (డెబియన్ లినక్స్ ప్యాకేజీ) అయినా ఆర్‌పీఎం అయినా అంతే. అన్నిటికంటే చెడ్డది డిపెండెన్సీల సంగతి. వేరే ప్యాకేజీలో "ఏజెంట్ >= 2.0 కావాలి" అని ఎపోక్ లేకుండా రాసి ఉందనుకోండి. ఎపోక్ రాయకపోతే సున్నా అని అర్థం. అప్పుడు 1:0.5 ఉన్నా ఆ షరతు నెరవేరిపోతుంది! 0.5 పెట్టుకుని 2.0 ఉందని నమ్ముతుంది పాపం.

డెబియన్‌లో లిబ్రేఆఫీస్ వెర్షన్ ముందు 4: అని ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ ముందు 1: ఉంటుంది. గిట్‌ది సరదా కథ. లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ రాకముందే డెబియన్‌లో గిట్ అనే పేరుతో గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్ ఉండేది, దాని వెర్షన్ 4.3 దాకా వెళ్ళింది. అందుకే మన గిట్ చాలా రోజులు గిట్-కోర్ అనే పేరుతో బతికింది. చివరికి పేరు దక్కింది కానీ అప్పుడు గిట్ 1.7 దగ్గర ఉంది. 4 కంటే చిన్నది కదా, గిట్-కోర్ రోజుల నుంచే ఉన్న ఎపోక్ అక్కడ ఆదుకుంది. ఆ 1: ఇంకా అలాగే ఉంది.

నాలుగో_అంతస్తు, 10:55

అక్కా, మరి నేనేం చెయ్యాలి? 2.0.1 అని పెట్టేద్దామంటే డెవలపర్లు ఒప్పుకోరు. 2.0 వచ్చిందని కేక్ కూడా కట్ చేసేశారు.

డెబ్_అక్క, 11:03

2.0.0 అని పెట్టు.

నాలుగో_అంతస్తు, 11:04

??

డెబ్_అక్క, 11:12

2.0ఆర్‌సీ1తో 2.0.0ని పోల్చి చూడు. 2, 0 సమానం. మూడో ముక్క ఒక వైపు ఆర్‌సీ, ఇంకో వైపు 0. ఆర్‌పీఎంలో అంకె ముక్క, అక్షరం ముక్క ఎదురుపడితే అంకెదే గెలుపు, అది సున్నా అయినా సరే. డెబియన్ లెక్క వేరు, అక్కడ అక్షరాల కంటే చుక్క పెద్దది. దారి వేరైనా ఫలితం అదే, 2.0.0 పెద్దది. కేక్ మీద 2.0 అని ఉన్నా ఎవరూ గొడవ పెట్టరు. తర్వాత 2.0.1, 2.0.2 అని మామూలుగా వెళ్ళు.

నా మాట నమ్మక్కర్లేదు, ఆర్‌పీఎండెవ్-వెర్‌సీఎంపీ అని చిన్న టూల్ ఉంది, రెండు వెర్షన్లు ఇస్తే ఏది పెద్దదో చెబుతుంది. డెబియన్‌లో అయితే డీపీకేజీకి కంపేర్-వెర్షన్స్ ఆప్షన్ ఇస్తే చాలు. (టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లో కొట్టు నాయనా. ఇక్కడంటే అంతా తెలుగు లిపిలో రాసుకుంటున్నాం.)

స్పెక్_పంతులు, 11:15

భలే. ఇది నాకు తట్టలేదు. నేను 2.0.1 పెట్టమని చెప్పబోయాను.

రాత్రిషిఫ్ట్, 11:20

ఇంకో దారి. నలభై మిషన్లే కాబట్టి రిపోలోంచి ఆర్‌సీని తీసేసి, అన్నిటి మీదా ఆ ప్యాకేజీ పేరుతో డీఎన్‌ఎఫ్ డిస్ట్రో-సింక్ నడుపు. రిపోలో ఏది ఉంటే దానికి దింపుతుంది, వెనక్కి వెళ్ళాల్సినా వెళ్తుంది. బయట కస్టమర్ల దగ్గర ఉంటే ఇది కుదరదు అనుకో.

కొత్తిమీర_కట్ట, ఆదివారం ఉదయం 8:05

మా గోడు కూడా వినండి. మా టీమ్‌లో వెర్షన్ అంటే తేదీయే. ఎవరో మహానుభావుడు మనం బ్యాంకు ఫారంలో రాసినట్టు రోజు, నెల, సంవత్సరం అని పెట్టాడు. జనవరి అంతా బాగానే నడిచింది. 31012024 తర్వాత 01022024 వచ్చింది. ముందున్న సున్నాని ఆర్‌పీఎం తీసేస్తుంది కాబట్టి కొత్తది పది లక్షల అంకె, పాతదేమో మూడు కోట్ల అంకె. ఫిబ్రవరి మొత్తం ఒక్క మిషన్‌కీ అప్‌డేట్ లేదు. ఎవరూ గమనించలేదు కూడా. మార్చిలో కస్టమర్ ఫోన్ చేస్తే తెలిసింది.

సరే, సంవత్సరం ముందు పెట్టి 20240305 అందాం అనుకున్నాం. కానీ రెండు కోట్లు మూడు కోట్ల కంటే చిన్నవి!! ఎటు పోయినా గోడే. చివరికి ఎపోక్ 1 వేశాం. పచ్చబొట్టే అక్కా, ఏం చేస్తాం.

డెబ్_అక్క, 8:30

😂😂 సరే, నీకు మాత్రం క్షమాపణ. ఎపోక్ ఉన్నదే ఇలాంటి వాటి కోసం. నా గొడవంతా ఆర్‌సీ తప్పుకి కూడా వెంటనే ఎపోక్ తియ్యడం గురించే.

కొత్తిమీర_కట్ట, 8:33

స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

స్పెక్_పంతులు, 9:10

తేదీ కథ వింటుంటే పర్ల్ భాష మాడ్యూళ్ళు గుర్తొచ్చాయి. వాటిలో చాలావాటికి వెర్షన్ దశాంశ సంఖ్య. 1.1501 తర్వాత 1.16 వస్తుంది, లెక్కల మాస్టారు చెప్పినట్టు. ఆర్‌పీఎంకి దశాంశాలు రావు. దానికి 1501 ఎక్కడ, 16 ఎక్కడ. ఎన్ని ప్యాకేజీలకి ఎపోక్ వెయ్యాల్సి వచ్చిందో. మరి పుస్తకాలు అచ్చుకి కూర్చే ప్రోగ్రామ్ టెక్ సంగతి తెలుసుగా, దాని వెర్షన్ గణితంలోని పై (π) విలువకి ఒక్కో అంకె దగ్గరవుతుంది, ఇప్పుడు 3.141592653. అది మాత్రం ఎక్కడా ఇబ్బంది పెట్టదు. అంకెలు చేరేకొద్దీ చుక్క తర్వాతి సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. దాన్ని రాసిన పెద్దాయన డొనాల్డ్ క్నూత్ ఆర్‌పీఎం పుట్టకముందే మన బాధ తీర్చి పెట్టాడు.

నాలుగో_అంతస్తు, 10:40

2.0.0 కట్టాను, ఒక మిషన్ మీద చూశాను, ఎక్కింది! అక్కా, రుణం ఉంచుకోను, ఫిల్టర్ కాఫీ నాది.

ఇంకో విషయం చెప్పాలి. తిట్టకండి. నిన్న రాత్రి మీరు సలహాలు ఇస్తుండగానే 2.0-1లో ఒక కాన్ఫిగ్ తప్పు కనపడింది. నంబరు మార్చకుండా దాన్నే సరిచేసి అదే పేరుతో రిపోలో పెట్టేశాను. ఇప్పుడు డిస్ట్రో-సింక్‌తో దాన్ని ఎక్కించబోతే రెండు మిషన్లు ప్యాకేజీ చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే సంఖ్య) సరిపోలేదు అంటున్నాయి.

స్పెక్_పంతులు, 11:02

తిట్టను. కానీ కూర్చోబెట్టి చెప్తాను.

వెర్షన్ తయారు చేసినవాళ్ళది, రిలీజ్ కట్టినవాళ్ళది. కోడ్ మారకుండా నువ్వు స్పెక్ ముట్టుకున్నా, కాన్ఫిగ్ మార్చినా, పాచ్ వేసినా రిలీజ్ ఒకటి పెంచు. 2.0-1 కాస్తా 2.0-2. కొత్త వెర్షన్ రాగానే మళ్ళీ 1. అంకెలకి డబ్బులు కట్టక్కర్లేదు, 2.0-47 దాకా వెళ్ళినా ఎవరూ నవ్వరు.

ఒకసారి రిపోలోకి వెళ్ళిన నంబరు నీది కాదు. ఎక్కడో ఒక క్యాష్‌లో పాతది ఉంటుంది, మెటాడేటా కొత్తదాని చెక్‌సమ్ చెబుతుంది, రెండూ కొట్టుకుంటాయి. అది కూడా నయమే, కనీసం అరుస్తోంది. పాతది ముందే ఎక్కించుకున్న మిషన్ ఉంటే అది అరవదు కూడా. నా దగ్గర 2.0-1 ఉంది, అక్కడా 2.0-1 ఉంది, బాగుంది అనుకుని నిద్రపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఒక మిషన్‌లో మాత్రమే వచ్చే బగ్ కోసం నువ్వు జుట్టు పీక్కుంటావు. నేను పీక్కున్నాను, ఇప్పుడు పీక్కోవడానికి లేదు.

నాలుగో_అంతస్తు, 11:10

అర్థమైంది పంతులు గారూ. మా దగ్గర ఎల్8, ఎల్9 (ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, 9) మిషన్లు రెండూ ఉన్నాయి. ఒక దిద్దుబాటు ఎల్8కి మాత్రమే కావాలి. అక్కడ 2.ఎల్8 చేసి ఇక్కడ 1.ఎల్9 ఉంచేస్తే సరిపోతుందా?

స్పెక్_పంతులు, 11:25

సరిపోదు. రిలీజ్‌లో ముందు 2ని 1తో పోలుస్తుంది, ఎల్8, ఎల్9 దాకా రానే రాదు. రేపు ఆ మిషన్‌ని 9కి మార్చితే 9 రిపోలో ఉన్నది పాతదిగా కనపడుతుంది, 8 కోసం కట్టిందే అతుక్కుని ఉంటుంది. అందుకని చివర్లో చెయ్యి పెట్టు: 1.ఎల్8.1. అది 1.ఎల్8 కంటే పెద్దది, 1.ఎల్9 కంటే చిన్నది. ఫెడోరా లినక్స్ వాళ్ళూ పాత బ్రాంచిలో ఇదే చేస్తారు.

మాటలో మాట. ఫెడోరా 7తో, 2007లో, కోర్ అనే మాట పేరులోంచి పోయింది కానీ ప్యాకేజీల తోకలో ఎఫ్‌సీ అలాగే ఉండిపోయింది. సీ తీసేసి ఎఫ్7 అని రాస్తే అది ఎఫ్‌సీ6 కంటే చిన్నదవుతుంది మరి.

ఆర్చ్_అబ్బాయి, 12:15

రోజూ రాత్రి కట్టే నైట్లీ బిల్డ్‌లకి రిలీజ్‌లో గిట్ హాష్ (ఒక్కో కమిట్‌కి, అంటే కోడ్ మార్పుకి, గిట్ ఇచ్చే గుర్తు) పెట్టొచ్చా? ఏ కమిట్ నుంచి కట్టామో తెలుస్తుంది కదా.

రాత్రిషిఫ్ట్, 12:22

పెట్టు, కానీ ముందు పెట్టకు. హాష్‌కి ముందూ వెనకా ఉండదు. ఈరోజుది 9తో మొదలై రేపటిది అక్షరంతో మొదలైతే రేపటిది చిన్నదైపోతుంది. సగం రోజులు అప్‌డేట్ వస్తుంది, సగం రోజులు రాదు. సిల్క్ బోర్డ్ సిగ్నల్ లాగా.

స్పెక్_పంతులు, 12:31

తేదీ ముందు, హాష్ వెనక. 2.0 తర్వాత కట్టిన స్నాప్‌షాట్ అయితే క్యారెట్ గుర్తు ఉంది: 2.0^20240611గిట్, ఆ వెనక హాష్. ఇది 2.0 కంటే పెద్దది, 2.0.1 కంటే చిన్నది. అసలు సిసలు 5వ ఏ క్రాస్. ఆర్‌పీఎం 4.15లో, 2019లో వచ్చింది. తేదీ మాత్రం కొత్తిమీర వాళ్ళ పద్ధతిలో రాయకు.

కొత్తిమీర_కట్ట, 12:33

ఇక జీవితాంతం ఇదే అంటారా నన్ను.

డెబ్_అక్క, 12:50

డెబియన్‌లో క్యారెట్ లేదు, మేం ప్లస్ వాడతాం, 2.0+గిట్20240611 అని. వెనక్కి రావాల్సి వస్తే కూడా ప్లస్సే. 2024 మార్చి 29న ఫైళ్ళు కుదించే టూల్ ఎక్స్‌జెడ్‌లో దొంగ తలుపు బయటపడింది గుర్తుందా? 5.6.0, 5.6.1 రెండూ చెడినవి. డెబియన్ కొత్త ప్యాకేజీలు ముందు చేరే అన్‌స్టేబుల్‌లో 5.6.1 అప్పటికే వెళ్ళిపోయింది. అందరినీ వెంటనే 5.4.5కి దించాలి, కానీ డెబియన్ అప్‌డేట్ టూల్ ఆప్ట్ తనంతట తాను కిందికి దిగదు. అప్పుడు ఏం చేశారంటే 5.6.1+రియల్లీ5.4.5-1 అని కట్టారు. బయట బోర్డు 5.6.1, లోపల సరుకు 5.4.5. చూడ్డానికి ఛండాలంగా ఉంటుంది, కానీ 5.6.2 రాగానే ఆ తోక దానంతటదే పోతుంది. ఎపోక్ అయితే ఉండిపోయేది.

రాత్రిషిఫ్ట్, 1:20

బయట బోర్డు ఒకటి, లోపల సరుకు ఒకటి అంటే నా బాధ గుర్తొచ్చింది. ఒక ఆడిటర్ రిపోర్ట్ పంపాడు. మా డెబియన్ 12 సర్వర్లలో రిమోట్ లాగిన్ ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.2 ఉందట, సీవీఈ-2024-6387 అనే భద్రతా లోపానికి 9.8 కావాలట, ఎర్ర రంగులో పెట్టాడు. మేం అప్‌డేట్ చేసే ఉన్నాం. ఎలా ఒప్పించాలి?

డెబ్_అక్క, 1:35

డెబియన్ స్టేబుల్‌లో కొత్త వెర్షన్ తేరు, దిద్దుబాటుని మాత్రం పాతదానికి కుడతారు. మీ ప్యాకేజీ పూర్తి నంబరు చూడండి. 1:9.2పీ1-2+డెబ్12యూ3 గానీ ఆ పైన గానీ ఉంటే ఆ రంధ్రం మూసేసినట్టే. ఆ యూ3 అంటే డెబియన్ 12లో మూడో అప్‌డేట్. స్కానర్ 9.2 దగ్గరే చదవడం ఆపేసింది, అసలు కథ హైఫన్ తర్వాత ఉంది. ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో ఆ సీవీఈ నంబరు ఉంటుంది, ఆ లైన్ అతికించి పంపండి. రెడ్ హ్యాట్ వైపు కూడా ఇదే పద్ధతి.

రాత్రిషిఫ్ట్, 1:41

యూ3యే ఉంది. థాంక్స్ అక్కా. లైన్ కాపీ చేసి పంపాను. "దయచేసి 9.8కి అప్‌గ్రేడ్ చేయండి" అని జవాబు రాకపోతే అదృష్టం.

నాలుగో_అంతస్తు, సోమవారం మధ్యాహ్నం 3:30

అప్‌డేట్: ముప్పై ఎనిమిది మిషన్లలో 2.0.0-2 ఎక్కింది. మేనేజర్ చూసి ఈ సున్నాలన్నీ ఎందుకు అన్నాడు, ఇండస్ట్రీ స్టాండర్డ్ సర్ అన్నాను. మిగిలిన రెండు మాత్రం 1.8-3 దగ్గరే ఉన్నాయి. అసలు వాటిలో ఆర్‌సీ కూడా ఎక్కలేదని ఇప్పుడే చూశాను. రిపో కనపడుతోంది, 2.0.0-2 కూడా కనపడుతోంది, కానీ తీసుకోవట్లేదు.

స్పెక్_పంతులు, 3:44

వెర్షన్‌లాక్ (ప్యాకేజీని ఒక వెర్షన్ దగ్గరే ఆపేసే తాళం) ఉందేమో చూడు.

నాలుగో_అంతస్తు, 3:58

ఉంది. రెండిట్లోనూ. నాకు ముందు చూసినాయన పెట్టాడు. పక్కన కామెంట్ కూడా ఉంది: "తీయొద్దు". ఎందుకో రాయలేదు.

డెబ్_అక్క, 4:01

ఆయన్ని అడుగు ముందు. అడక్కుండా తీయకు.

నాలుగో_అంతస్తు, 4:20

రెండుసార్లు చేశాను అక్కా. ఎత్తట్లేదు.